మాల్గుడికి రైలుంది, మనకు లేదు

మక్తల్,
సెప్టెంబర్ 30, రాత్రి.

అరేయ్ నర్సింలూ,

ఎట్లున్నావురా? చెల్లె, పిల్లలు బాగున్నారా? ఫోన్‌లోనే చెబుదామనుకున్నా. కానీ నేను చేస్తే నువ్వు పుణె ట్రాఫిక్‌లో ఉంటావు, నువ్వు చేస్తే నేను బస్సులో టికెట్లు కొడుతుంటా. రెండు నిమిషాలకే "మళ్లీ చేస్తా" అని పెట్టేస్తాం. ఇది రెండు నిమిషాల్లో తేలే ముచ్చట కాదు. అందుకే డ్యూటీ దిగి, స్నానం చేసి, రొట్టె తిని, కాగితం ముందేసుకుని కూర్చున్నా. పోస్ట్‌మన్ కొడుకునై ఉండి నీకు ఇన్నేళ్లు ఒక్క ఉత్తరం రాయలేదంటే నాకే బాధగా ఉంది.

ఇవాళ కన్నడ హీరో శంకర్ నాగ్ పోయిన రోజు. పొద్దున రాయచూరు ట్రిప్పు వేశా. బస్టాండ్ బయట ఆటోలవాళ్లు ఒక స్టూలు మీద ఆయన ఫొటో పెట్టి, దండ వేసి, ఊదుబత్తీలు ముట్టించారు. పక్కనే పెద్ద గిన్నెలో చిత్రాన్నం. వచ్చిపోయే వాళ్లందరికీ ఆకుల్లో పెడుతున్నారు. నాకు ఇరవై నిమిషాల హాల్టు ఉంది. పూలమ్మి దగ్గర రెండు మూరలు కొని నేనూ ఫొటో ముందు పెట్టా. అక్కడున్న కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. శంకర్ నాగ్ బతికుండగా పుట్టనే లేదు. "మీరు ఆంధ్రా బస్ కండక్టర్ కదా, మీకు శంకరణ్ణ ఎలా తెలుసు?" అని అడిగాడు. రాష్ట్రం వచ్చి ఇన్నేళ్లయినా వాళ్లకు మనం ఆంధ్రానే. ఏం చెప్పాలి? చెప్పడం మొదలుపెడితే బస్సు వెళ్లిపోతుంది. "మాల్గుడి డేస్" అన్నా. వాడు నవ్వి, ఆ పాట ఎత్తుకున్నాడు. తానానా తానా నా న నా అని. నా ఒళ్లు జలదరించింది. నిజం.

నీకు గుర్తుందా, మనకు ఆ మనిషి పేరు తెలిసింది కూడా ఆ ఊళ్లోనే, ఒక ఆటోలోనే. మా నాయిన సైకిల్‌కు టైర్లు కొనడానికి పోతూ మన ఇద్దర్నీ వెంట తీసుకుపోయాడు. మనం ఏడో తరగతి. ఆటోలో డ్రైవర్ తల మీద, అద్దం పైన, ఖాకీ చొక్కా వేసుకున్న హీరో ఫొటో ఉంది. నువ్వు ఊరుకోవు కదా, "ఈ హీరో ఎవరన్నా?" అన్నావు. ఆయన వెనక్కి తిరిగి మరీ చూశాడు, "గొత్తిల్వా? నమ్మ శంకరణ్ణ, ఆటో రాజా" అని, తెలియదా, మా శంకరణ్ణ అన్నట్టు. ఆ ఆటో రాజా సినిమా 1980లో వచ్చిందట. అప్పట్నుంచి కర్ణాటక ఆటోవాళ్లకు ఆయన ఇంటి మనిషి. కరాటే కింగ్ అని కూడా అనేవాళ్లు. అంతటితో ఆగకుండా, "టీవీలో మాల్గుడి డేస్ చూస్తారా? అది తీసింది ఈయనే" అన్నాడు. మనం నమ్మలేదు. ఫైటింగులు చేసే హీరో ఎక్కడ, ఆ సీరియల్లో టోపీ పెట్టుకుని భయం భయంగా బడికి పోయే పిల్లాడు స్వామి ఎక్కడ! దారి పొడవునా నువ్వు "అబద్ధం, అబద్ధం" అంటూనే ఉన్నావు. ఆ వారం ఎపిసోడ్‌కు పేర్లు పడేటప్పుడు ఇద్దరం టీవీకి ముక్కు ఆనించి కూర్చుని చదివాం. ఉంది. శంకర్ నాగ్ అని ఉంది. నువ్వు అప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు.

మా గల్లీ మొత్తానికి ఒక్కటే టీవీ, బ్లాక్ అండ్ వైట్‌ది. దాని షట్టర్ తలుపులు తెరిచే హక్కు ఆ ఇంటి పెద్దమ్మదే. గాలొస్తే యాంటెన్నా తిరిగిపోయేది. నువ్వు మిద్దె ఎక్కి గొట్టం తిప్పడం, నేను కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరవడం. బొమ్మ నిలబడే సరికి సగం కథ అయిపోయేది. హిందీలో వచ్చేది కదా, మనకు ఉర్దూ చెవిన పడి అలవాటే కాబట్టి కష్టం కాలేదు. మా అవ్వకు ఒక్క ముక్క అర్థం అయ్యేది కాదు, అయినా అందరికంటే ముందు పోయి చోటు పట్టుకునేది. స్వామి నాన్న కొడుకును ఆఫీసు గదిలో ఒక్కడివే పడుకో అని పంపిన రాత్రి గుర్తుందా? పేపర్లో ఎవరో పిల్లాడు పులితో కొట్లాడాడని చదివి, ధైర్యం ఉంటే చాలు అంటాడు ఆయన. ఆ పిల్లాడు చాప చుట్టుకుని, నాయనమ్మ పక్కన పడుకోవాలని ఎంత తంటాలు పడతాడో! చివరికి చీకట్లో బెంచీ కింద దూరి, దగ్గరికి వచ్చిన కాలును పట్టుకుని కొరికేస్తాడు. అది దొంగ కాలు. గల్లీ అంతా చప్పట్లు. మా అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఆ తండ్రికి ఎంత గుండె రా, గంత చిన్న పోరన్ని ఒంటిగ పండబెట్టిండు" అని ఆ తండ్రి వేషం వేసిన గిరీష్ కర్నాడ్‌ను రెండు రోజులు తిట్టింది. భాష రాకుండానే ఆమె పట్టుకున్నది అది. పెద్దవాళ్లు తేలిగ్గా అనేసే మాట పిల్లాడి మీద ఎంత బరువు వేస్తుందో, స్వామిగా వేసిన ఆ మాస్టర్ మంజునాథ్ కళ్లల్లో శంకర్ నాగ్ చూపించాడు. మాట లేకుండా చూపించాడు.

మనం పెట్టిన ఎం.సి.సి. సంగతి చెప్పనా? వాళ్లది మాల్గుడి క్రికెట్ క్లబ్, మనది మక్తల్ క్రికెట్ క్లబ్. అక్షరాలు కలిశాయని ఎంత సంబరపడ్డాం! పడమటి ఆంజనేయస్వామి గుడి దారిలో గోడ మీద బొగ్గుతో రాసింది నువ్వే. బ్యాటు కంది కట్టెలు కొట్టే తాత చెక్కిచ్చాడు.

కానీ ఒక్కటే లోటు. మాల్గుడికి రైలుంది, మనకు లేదు. ఆ కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ ఊహించిన ఊరు మాల్గుడి పుట్టిందే రైల్వే స్టేషన్‌తో. ఆయన మొదట రాసుకున్నదే ఆ స్టేషన్‌కు రైలు వచ్చే మాట. కథల్లో ఎవరు వచ్చినా రైల్లోనే వస్తారు, ఎవరు పోయినా రైల్లోనే పోతారు. మనకేమో రైలు చూడాలంటే కృష్ణ స్టేషన్‌కు పోవాలి. బస్సెక్కి పోయి, ఏటి మీద వంతెన దాటే రైలును చూసి, ప్లాట్‌ఫారం మీద మరమరాలు తిని మళ్లీ బస్సెక్కి వచ్చేవాళ్లం. ఆ స్టేషన్ మాస్టర్ పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకోవడం చూసి నువ్వు "అచ్చం మాల్గుడి" అన్నావు.

ఇప్పుడు మా నాయిన ముచ్చట. ఈ ఉత్తరం అసలు దీనికోసమే.

ఒక ఎపిసోడ్‌లో పోస్ట్‌మన్ ఉంటాడు, తానప్ప. వీధిలో ప్రతి ఇంటి సంగతీ తెలిసినవాడు. ఎవరి కొడుకుకు ఉద్యోగం రాలేదో, ఎవరి బిడ్డకు సంబంధం కుదరలేదో అన్నీ ఆయనకే తెలుసు. రామానుజం అనే ఆయన కూతురికి సంబంధం కూడా తానప్పే సూచిస్తాడు. ముహూర్తం దాటితే పెళ్లికొడుకు ట్రైనింగ్‌కు వెళ్లిపోతాడు, మళ్లీ కుదరదు. సరిగ్గా అప్పుడే సేలం నుంచి చావు కబురు టెలిగ్రామ్‌లో వస్తుంది, రామానుజం చిన్నాయన పోయాడని. తానప్ప దాన్ని సంచిలోనే దాచేస్తాడు. పెళ్లి అయిపోయాక తెచ్చి చేతిలో పెట్టి, నా మీద కంప్లైంట్ ఇవ్వండి, ఉద్యోగం పోతే పోనీయండి అంటాడు.

ఆ రోజు నాయిన మాతోపాటు కూర్చుని చూశాడు. ఎప్పుడూ టీవీ దగ్గరికి రాని మనిషి. పెద్దమ్మ పిలిచి కూర్చోబెట్టింది, "నీ కథ వస్తున్నది రా" అని. మొదట్నుంచి చివరిదాకా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా చూశాడు. అయిపోయాక అందరూ ఆయన వైపే చూశారు. "తప్పు చేసిండు" అన్నాడు. "కబురు ఎవరి పేర వస్తే వాళ్లది. మధ్యల మనం పెట్టుకోవద్దు." లేచి చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగి, "కానీ ఆ పిల్ల పెండ్లి ఆగిపోతుండె" అన్నాడు. ఇంటికి వచ్చాక కూడా పడుకోలేదు. మంచం మీద కూర్చుని అమ్మతో అన్నాడు, "టీవీల పోస్ట్‌మన్ గురించి గూడ తీస్తరా?"

ఆ మాట ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైతే అర్థమవుతుంది. మన పాలమూరు సంగతి నీకు చెప్పేదేముంది? ఊళ్లకు ఊళ్లు బొంబాయికి, పుణెకు పనికి పోయేవి. ముసలోళ్లు, పిల్లలు ఇక్కడ మిగిలేవాళ్లు. వాళ్లకు అక్కడి మనిషి బతికే ఉన్నాడని తెలిసేది మనియార్డర్‌తోనే. సెలవుల్లో నేను నాయిన వెంట సైకిల్ మీద పోయేవాణ్ని. ఇంటి ముందు దిగి బెల్లు కొట్టగానే ముసలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. నాయిన సంచిలోంచి సిరా డబ్బా తీసి, ఆమె ఎడమ బొటనవేలు తానే పట్టుకుని డబ్బా మీద అద్ది, ఫారం మీద నొక్కేవాడు. ఆమె ఆ వేలి సిరాను తలకు తుడుచుకునేది. పైసలు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. అప్పుడు అసలు పని. ఫారం కింది ముక్కలో కొడుకు రాసిన రెండు మాటలు, రాయించినవే అనుకో, చదివి వినిపించాలి. "మంచిగున్న. నువ్వు మందులు మింగు. పోరిని బడికి తోలు." అంతే ఉంటుంది. ఆమె మళ్లీ చదవమనేది. ఆయన మళ్లీ చదివేవాడు. ఎండలో నిలబడి మూడోసారి కూడా చదివేవాడు.

ఇంత చేసిన మనిషిని ఎవరైనా పట్టించుకున్నారా? ఉత్తరం వస్తే ఉత్తరం గురించే మాట్లాడతారు గానీ తెచ్చినవాణ్ని ఎవరు తలుస్తారు! అట్లాంటి మనిషికి శంకర్ నాగ్ ఒక పూర్తి ఎపిసోడ్ ఇచ్చాడు. దేశమంతా కూర్చుని ఒక పోస్ట్‌మన్ మనసులో ఏం జరుగుతుందో చూసింది. తెల్లారి నాయిన డ్యూటీకి పోతే గల్లీలో పిల్లలు "తానప్పా, తానప్పా" అని వెంటపడ్డారు. కోప్పడతాడనుకున్నా. లేదు. సైకిల్ ఆపి, "మీకేం ఉత్తరాలు లేవు పోండి" అని నవ్వాడు. ఇప్పటికీ మా గల్లీ ముసలోళ్లు కొందరు ఆయన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. టెలిగ్రామ్ 2013లో పోయింది, ఆ తర్వాత మన పాత మనియార్డర్ ఫారాలు కూడా పోయాయి. ఆ పేరు మాత్రం పోలేదు.

ఈ సీరియల్ తీసేటప్పటికి శంకర్ నాగ్‌కు ఎన్నేళ్లో తెలుసా? 1954 నవంబర్‌లో పుట్టాడు, 1986లో మాల్గుడి డేస్ వచ్చింది. ముప్పై రెండు కూడా నిండలేదు! హొన్నావర దిక్కు పిల్లాడు, బొంబాయికి పోయి బ్యాంకులో పని చేస్తూ మరాఠీ నాటకాలు ఆడాడు. గిరీష్ కర్నాడ్ తీసిన సినిమాలో 1978లో మొదటిసారి హీరో అయ్యాడు. ఆ కర్నాడ్‌నే తర్వాత తెచ్చి స్వామికి నాన్నను చేశాడు. మిఠాయి కొట్టు జగన్‌గా వేసింది సొంత అన్న అనంత్ నాగ్. మన తెలంగాణ పల్లె కథ "అంకుర్"లో దొర కొడుకుగా వేసినాయనే. బొమ్మలు నారాయణ్ తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్‌వి, మనం పేర్లకంటే ఆ బొమ్మల కోసమే ముందు కూర్చునేవాళ్లం. పాట ఎల్. వైద్యనాథన్‌ది. అందరూ ఉద్దండులే. వాళ్లందర్నీ తీసుకుపోయి ఎక్కడ పెట్టాడు? ఆగుంబెలో. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన వాన పడే కొండ ఊరు. మన దగ్గర ఆరేడు వందలు పడితే ఆ ఏడు పండిందని చెప్పుకుంటాం. ఆ వానలో, ఆ పెంకుటిళ్ల మధ్య, ఊరి జనాన్నే వీధిలో నడిపించి 39 ఎపిసోడ్లు తీశాడు. ఒక పక్క బెంగళూరులో హీరోగా సినిమా మీద సినిమా చేస్తూనే.

నాకు ఎప్పుడూ ఒకటి అనిపిస్తుంది. అంత పేరున్న హీరో, టీవీకి ఏదైనా పెద్ద ఆర్భాటం తీసి ఉండొచ్చు. ఆయన తీసింది లాటరీలో రోడ్ ఇంజన్ గెల్చుకుని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలుపడే మనిషిని. లెక్కల పరీక్షకు వణికే పిల్లాణ్ని. పోస్ట్‌మన్‌ను. తొందర పెట్టలేదు వాళ్లను. ముసలాయన అరుగు మీద కూర్చుని చుట్ట తీస్తే, అది తీసి ముట్టించేదాకా చూడనిచ్చాడు. మన అరుగుల మీద కూడా అట్లాగే కదా మనుషులు కూర్చునేది!

మొన్న ఏప్రిల్‌లో పెద్దదాని అడ్మిషన్ పని మీద బెంగళూరు పోయినం. పని తొందరగా అయింది. రెండు రోజులు సెలవు మిగిలింది. రాత్రి రైలెక్కి శివమొగ్గ దాటి అరసాళు అనే చిన్న స్టేషన్లో దిగా. బిడ్డ కూడా వచ్చింది. అదేరా మాల్గుడి స్టేషన్! సీరియల్ తీసింది అక్కడే. పాడుబడ్డ ఆ పాత కట్టడాన్ని బాగుచేసి 2020లో మ్యూజియం చేశారు. బాగుచేసింది ఎవరనుకున్నావు? జాన్ దేవరాజ్, అప్పట్లో సీరియల్‌కు ఆర్ట్ డైరెక్టర్‌గా చేసినాయన. గోడల మీద సీరియల్ ఫొటోలు ఉన్నాయి. ఒకదాంట్లో శంకర్ నాగ్ నవ్వుతూ ఉన్నాడు, ఆ గడ్డంతో, ఆ పెద్ద కళ్లతో. బిడ్డ "నాన్నా, నువ్వు ఏడుస్తున్నావా?" అంది. నేనేం దాచలేదు. ఏడ్చా. అక్కడే బెంచీ మీద కూర్చుని టీ తాగి, నాయినకు వీడియో కాల్ చేసి స్టేషన్ మొత్తం తిప్పి చూపించా. ఆయన అన్నీ చూసి, "పోస్టు డబ్బా ఉన్నదా చూడు" అన్నాడు.

తర్వాత ఆగుంబె కూడా పోయినం. దొడ్డ మనె అని స్వామి ఇల్లు. లోపలికి పోగానే మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, నల్లటి చెక్క స్తంభాలు. ఆ ఇంటివాళ్లు వేడి కషాయం ఇచ్చారు. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డా. చల్లగా, నున్నగా ఉంది. ఎంతమంది నాలాంటి వాళ్లు పట్టుకుని నిలబడ్డారో.

శంకర్ నాగ్ పోయిన సంగతి మనకు ఎట్లా తెలిసిందో నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి నువ్వు మీ నాయిన దగ్గరికి పుణె పోయావు. దావణగెరె దగ్గర అనగోడు అని ఊరు. షూటింగ్‌కు కారులో పోతుంటే యాక్సిడెంట్. భార్య అరుంధతి, చిన్న బిడ్డ బయటపడ్డారు. ఆయన ముప్పై ఐదేళ్లకే పోయాడు. మర్నాడు నాయిన డ్యూటీ నుంచి వచ్చి సంచి దించలేదు, చెప్పులు విప్పలేదు. వాకిట్లో నిలబడి, "మన తానప్పను తీసినాయన పోయిండంట" అన్నాడు. మా అవ్వ చేటలో బియ్యం ఏరుతున్నది. చేట పక్కన పెట్టి, "పిల్లలున్నరా?" అని అడిగింది. "ఒక బిడ్డ" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. ఒక్కసారైనా చూసిన మనిషి కాదు, మన భాష కాదు. అయినా మా ఇంట్లో మనిషి పోయినట్టే అయింది.

బెంగళూరుకు మెట్రో రైలు కావాలని ఆ రోజుల్లోనే తిరిగాడట ఆయన. 2011లో వచ్చింది మెట్రో. అరుంధతి గారు 2004లో ఆయన పేరుతో రంగశంకర అని నాటకాల థియేటర్ తెరిచారు. ఆయన అనుకున్నవి ఒక్కొక్కటి ఆయన లేకుండానే అవుతున్నాయి. అది తలచుకుంటే సంతోషించాలో ఏడవాలో తెలియదు.

స్వామి కథ చివర గుర్తుందా? దోస్తు రాజం ఊరు విడిచి పోతుంటే స్వామి పుస్తకం పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తుతాడు. రైలు కదులుతుంటుంది. ఇచ్చాడో లేదో, తీసుకున్నాడో లేదో, చూస్తుండగానే రైలు వెళ్లిపోతుంది. నువ్వు పోయిన రోజు మనకు రైలు లేదు కాబట్టి బస్టాండ్‌కు వచ్చా. నా దగ్గర పుస్తకం లేదు, ఎం.సి.సి. బాల్ ఉంది. కిటికీలోంచి నీ ఒళ్లో వేశా. నువ్వు నా వైపు చూడలేదు. ఏడుస్తున్నావని తర్వాత మీ అమ్మ చెప్పింది. ఆ బాల్ ఉందా ఇంకా?

ఇప్పుడు మనకు రైలుంది రా. 2023 అక్టోబర్ ఒకటో తేదీన జక్లేరు నుంచి కృష్ణ దాకా లైను మొదలైంది, మధ్యలో మనమే. కాచిగూడ నుంచి రాయచూరు పోయే బండి మన ఊళ్లో ఆగుతుంది. నాయినకు ఎనభై దాటాయి, అయినా సాయంత్రం కర్ర పట్టుకుని స్టేషన్ దాకా నడుస్తాడు. ఎవరు దిగారో చూసి వచ్చి నాకు చెప్తాడు, ఫలానా వాళ్ల అల్లుడు వచ్చాడు, ఫలానా వాళ్ల కొడుకు వచ్చాడు అని. పాత అలవాటు.

డిసెంబర్‌లో ఆంజనేయస్వామి జాతర. పిల్లల్ని, చెల్లెను తీసుకుని రా. పుణె నుంచి వచ్చే బండి రాయచూరులో దిగితే బస్సులో సుమారు గంటే. కానీ బస్సు వద్దు. మన బండే ఎక్కి మక్తల్‌లో దిగు. ఏ రోజు వస్తావో కార్డు ముక్క మీద రాసి పోస్ట్‌లో వెయ్యి, ఫోన్ చేయకు. నాయిన పేర రాయి. ఆయనే చదివి నాకు చెప్తాడు, నేను డ్యూటీ మార్పించుకుని ప్లాట్‌ఫారం మీద ఉంటా.

నీ
యాదగిరి